నా నోటికి కట్టిన ముడి

నేను ఒక ఫ్యూజు బోర్డుని. ఆ మాట వినగానే మీరు మొహం అటు తిప్పేసుకుంటారని నాకు తెలుసు. తిప్పుకోండి, నాకేం కొత్తా! కరెంటు ఉన్నంతసేపూ నావైపు చూసిన మనిషి లేడు. పోయిన మరుక్షణం మాత్రం ఇంటిల్లిపాదీ నా మీదకే వచ్చేవారు, "దీని దుంపతెగ, మళ్ళీ పోయిందీ" అంటూ. సరే, తిట్లు నాకు లెక్కలేదు. కానీ తిట్లు తినేవాడికి తప్పు చేసిన తృప్తయినా ఉండాలి కదండీ! నాకు అదీ దక్కలేదు. చెయ్యని నేరానికి ఎనిమిదేళ్లు గోడకి వేలాడాను. నా కడుపుమంట అదీ, అందుకే ఈ కథ.

పుట్టుకకి నేను టేకు చెక్కని. మండపేటలో ఒక టూరింగు టాకీసు ఉండేది. దాని టిక్కెట్ల కిటికీకి తలుపుగా ఉండేదాన్ని. నేల టిక్కెట్టు కోసం ఒకడి భుజాల మీద ఒకడెక్కి నన్ను గుద్దిన గుద్దులు ఇంకా నా ఒంటి మీదున్నాయి. టాకీసు ఎత్తేసినప్పుడు సామాన్లన్నీ అమ్మేస్తుంటే మస్తాన్ గారు నన్ను ఏరుకున్నారు. ఊళ్ళో అందరూ కరెంటు మస్తాన్ అనేవారాయన్ని. ఇంటికి తీసుకెళ్ళి, చిత్రిక పట్టి, నునుపు చేసి, లక్క పూత పూశారు. ఇనప హేండిలున్న మెయిన్ స్విచ్చి ఒకటి, తెల్లటి పింగాణీ ఫ్యూజులు నాలుగు బిగించారు. అన్నీ బిగించాక దూరంగా జరిగి, తల పక్కకి వంచి చూసుకున్నారు. కన్నకూతుర్ని పెళ్ళిపీటల మీద చూసుకున్నట్టు చూసుకున్నారంటే నమ్మండి.

నేను అమ్మకపు సరుకుని కాదు, కానుకని. మస్తాన్ గారికి అబ్బులు గారని ఒక స్నేహితుడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూచుని చదువుకున్నవాళ్లు, 'ఒరే' అంటే 'ఒరే' అనుకునేవాళ్లు. అబ్బులు గారు రైసు మిల్లులో బస్తాలు కట్టించే మేస్త్రీ. ఆయన కొత్తగా ఇల్లు కట్టుకుంటే, గృహప్రవేశం నాడు మస్తాన్ గారు నన్ను చంకన పెట్టుకుని వచ్చారు.

"ఒరే అబ్బులూ, అందరూ గడియారాలు తెస్తారు. నేను నీ ఇంటికి కాపలా తెచ్చాను" అన్నారు.

కాపలా! ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో! ఆ కాపలా సంగతి కూడా చెప్పేస్తాను, ఇది తెలియకపోతే మీకు నా బాధ తెలియదు. నా పింగాణీ ముక్కల్లో సన్నటి తీగ ఉంటుంది, వెంట్రుకకి కాస్త అన్నలాంటిది. ఇంట్లో వైర్లు మొయ్యలేనంత కరెంటు వచ్చిందంటే, అందరికంటే ముందు ఆ తీగ కాలి తెగిపోవాలి. అది తెగితే కరెంటు ఆగుతుంది, ఇల్లు మిగులుతుంది. అంతే నా విద్య. కాలిపోవడమే నా ఉద్యోగం.

మస్తాన్ గారు నా పక్కనే మేకు కొట్టి, ఆ సన్న తీగ చుట్టిన అట్టముక్క ఒకటి తగిలించారు. అబ్బులు గారి భార్య వీరవేణి గారిని పిలిచి, "చెల్లెమ్మా, ఫ్యూజు పోతే ఈ తీగే వెయ్యాలి. ఇంకోటి ఏదీ వెయ్యనివ్వకు. పోయిందని తిట్టుకోవద్దు, ఎందుకు పోయిందో చూసుకోవాలి" అని చెప్పారు. ఆవిడ తలూపింది. అబ్బులు గారు అప్పటికే వంటవాళ్ల మీద అరవడానికి వెళ్ళిపోయారు.

వీరవేణి గారంటే చెయ్యి తిరిగిన మనిషి. మినప్పప్పు నానబెట్టడం దగ్గర్నించి దోసె తిరగేయడం దాకా ఆవిడ చేతిలో ఒక లెక్కుంది. ఇరుగుపొరుగు పొగడగా పొగడగా గ్రైండరు ఒకటి కొనుక్కుని, వీధికి దోసెల పిండి రుబ్బిపెట్టడం మొదలెట్టింది. గ్రైండరు వచ్చిన కొత్తల్లో ఒకనాడు తడిచేత్తో దాన్ని పట్టుకుంది. లోపల వైరు ఎక్కడో ఒరుసుకుని ఇనప ఒంటికి తగిలి ఉంది. ఒక్క కుదుపు కుదిపింది ఆవిడని. నేను ఊరుకుంటానా? టప్ మని తీగ తెంపేశాను. మస్తాన్ గారు పరుగున వచ్చి చూసి, నుదురు తుడుచుకుని, "ఇది కాలింది కాబట్టి నువ్వు మిగిలావు చెల్లెమ్మా" అన్నారు.

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ చేస్తూ ఆవిడ కత్తిపీటకీ గ్రైండరుకీ పెట్టాక, స్టూలు వేసుకుని నా దగ్గరకొచ్చింది. నా నుదుటి మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హేండిలుకి బంతిపూల దండ వేసింది. "చల్లగా చూడు తల్లీ" అంది. టిక్కెట్ల కిటికీ తలుపుకి తల్లీ అన్న పిలుపు! అప్పట్నించి ఏటా బొట్టు పెట్టింది. ఏడాది పొడుగునా ఆ బొట్టు నా మీద మిగిలేది, నేను దాన్ని చూసుకుని మురిసేదాన్ని.

పొద్దున్నే పెరటి గుమ్మం దగ్గర గిన్నెలు పుచ్చుకుని జనం. "వేణక్కా, ఇవాళ కాస్త పలచగా," "పిన్నిగారూ, మా ఆయనకి గారెల పిండి" అంటూ ఒకటే సందడి. అబ్బులు గారు వీధిలో వెళుతుంటే, "అదిగో, పిండి వేణి గారి భర్త" అనేవారు. ఆ మాట వినడానికి ఆయనకి అంత ఇంపుగా ఉండేది కాదు, నాకు తెలుసు. హాల్లో గోడ మీద ఉండేదాన్ని కదా, మనుషుల మొహాలు చూడ్డం తప్ప నాకు ఇంకో పనేముంది?

ఆ చిన్నతనం పోగొట్టుకోవడానికి కాబోలు, వీధి మొత్తానికి ముందుగా ఆయన ఏసీ కొన్నారు. కొంటే కొన్నారు, నన్ను అడగాలా వద్దా? ఏసీ, టీవీ, గ్రైండరు, నీళ్ల మోటారు అన్నీ కలిసి నా ఒక్క ఫ్యూజు మీదే పడేవి. నేను నా ధర్మం ప్రకారం టప్ అనేదాన్ని. మస్తాన్ గారు వచ్చి చూసి, "ఒరే, ఇల్లు పెరిగింది. వైర్లు లావువి లాగి, పెద్ద బోర్డు పెట్టుకోవాలి. దీని వల్ల కాదురా" అన్నారు. తను చేసిన బోర్డుని తనే మార్చమన్నాడు మహానుభావుడు! అందుకు నాకేం కోపం రాలేదు, అది నిజం కాబట్టి. అబ్బులు గారు మాత్రం, "చూద్దాంలేరా" అన్నారు. ఆయన చూద్దామన్నారంటే ఇక చూడరని ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

అలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం క్రికెట్టు మ్యాచ్చి. మిల్లు స్నేహితులందరూ ఏసీ చల్లదనం కోసం ఆయనింట్లో చేరారు. వంటింట్లో గ్రైండరు తిరుగుతోంది. ఆఖరి ఓవర్లు, అందరూ కుర్చీల అంచున ఉన్నారు. టప్! టీవీ చీకటి. ఒకాయన కిసుక్కున నవ్వి, "ఏం అబ్బులూ, ఏసీ కొన్నావా, ఏసీ బొమ్మ కొన్నావా?" అన్నాడు.

అంతే, అబ్బులు గారి మొహం కందగడ్డైపోయింది. మస్తాన్ గారు చూస్తే ఆ పూట ఊళ్ళో లేరు. పక్కనే మేకుకి సన్న తీగ వేలాడుతోందా, దాని మొహం కూడా చూడలేదు. అటక మీద నుంచి పాత వైరు ముక్క లాగి, పళ్లతో తోలు పీకి, లోపలి రాగి పోగులన్నీ కలిపి మెలేశారు. స్క్రూడ్రైవరు వెతికే ఓపికేదీ? ఆ మెలికని పింగాణీకి చుట్టి, తనకి తెలిసిన ముడి వేసి బిగించేశారు.

ఆ ముడి గురించి చెప్పాలి. మిల్లులో బస్తా మూతి కట్టేటప్పుడు వేస్తారది. పురికొస రెండు చుట్లు తిప్పి, కొసని వెనక్కి మడిచి, చుట్ల కింద నుంచి దూర్చి లాగేవారు. చివర చిన్న చెవిలా ఒక మడత నిలబడేది. ఎంత గుంజినా జారదు, ఆ చెవి పట్టుకుని లాగితే మాత్రం సులువుగా ఊడుతుంది. ఆ ఇంట్లో ఏ మూట కట్టాలన్నా, బట్టల తాడు కట్టాలన్నా అదే ముడి. ఏటా ఆవకాయ పెట్టాక జాడీ మూతికి గుడ్డ వేసి వాసెన కట్టడం కూడా ఆయన పనే. "ఏవండీ, మీ ముడి వెయ్యండి" అని పిలిచేది వీరవేణి గారు, ఆయన మీసం దువ్వుకుంటూ వచ్చేవారు. వాళ్లిద్దరి మధ్యా నేను చూసిన ముచ్చట్లలో అదొకటి.

ఆ ముడే నా నోటికి కట్టేశారు. ఫ్యూజు పెట్టగానే టీవీ వెలిగింది, ఈలలు, కేకలు. "మన చెయ్యి పడితే అంతేరా!" అన్నారు అబ్బులు గారు. అప్పట్నించి ఎంత బరువు పడ్డా నేను తెగలేదు. తెగాలని లేకపోయిందా? ఎలా తెగనండీ, అంత లావు రాగి పెట్టి! జనమంతా ఆయన్ని మెచ్చుకున్నారు. లోపల గోడలో వైర్లు సలసల కాగిపోతుంటే, నేను నోరుండీ మూగదాన్నై చూస్తూ కూచున్నాను.

మరుసటి ఎండాకాలం జరగాల్సింది జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అబ్బులు గారు ఏసీ గదిలో పడుకున్నారు. మర్నాడు వీధిలో ఎవరింటిలోనో పెళ్ళిచూపులని, గారెలకి ఎక్కువ పప్పు నానబోసి రుబ్బుతోంది వీరవేణి గారు. వంటింటి గోడలో వైరు కరిగింది. ముందు వాసన, తర్వాత పొగ, ఆ తర్వాత గూట్లో ప్లాస్టిక్ డబ్బాలు భగ్గుమన్నాయి. నేను తెగాలి. ఆ క్షణం కోసమే నేను పుట్టాను. తెగలేకపోయాను. ఆవిడే చెయ్యి పెట్టి మంటల్లోంచి ప్లగ్గు లాగింది. కుడి అరచెయ్యి కాలిపోయింది. జనం వచ్చి ఇసక పోసి ఆర్పారు. గ్రైండరు నల్లబొగ్గైంది.

ఏసీ గదిలోంచి బయటికొచ్చి అబ్బులు గారు ముందు చూసింది భార్య చెయ్యి కాదు. నావైపు చూశారు. చూసిన ఆ ఒక్క చూపులోనే నాకు అర్థమైపోయింది, ఆయనకి తెలుసు. తెలిసీ ఏమన్నారో వినండి.

"చెప్తూనే ఉన్నాను, ఆ గ్రైండరు వద్దే అని! ఇంటి మీదకి తెచ్చావు."

మస్తాన్ గారు ఆయాసపడుతూ వచ్చారు. అప్పటికే పెద్దతనం, మోకాళ్ల నొప్పులు. నా ఫ్యూజు తీసి చూడబోతే అబ్బులు గారు అడ్డం నిలబడ్డారు. "ఇంకేం చూస్తావురా? కాపలా అన్నావుగా, ఏదీ నీ కాపలా? చెత్త బోర్డు అంటగట్టావు నాకు" అన్నారు, వీధంతా వింటుండగా. మస్తాన్ గారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. రెండేళ్లకి పోయారని తెలిసింది. పోయేవరకూ తన బోర్డే తప్పు చేసిందనుకున్నారో, స్నేహితుడే తప్పు చేశాడనుకున్నారో నాకు తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెక్క పగిలినట్టుంటుంది.

ఆ రాగి ముడి అప్పుడైనా తీశారా? తీస్తే ఏసీ ఆగిపోతుంది కదండీ! వంటింటికి మాత్రం ఎవరినో పిలిచి, హాల్లోంచి లైటుకి వైరు లాగించి ఊరుకున్నారు. ప్లగ్గు పెట్టించలేదు. "ఆ వంటింట్లో ఇక ప్లగ్గనేదే ఉండకూడదు" అన్నారు. ఆవిడేమో తన వల్లే ఇల్లు కాలిందని నమ్మేసింది పాపం. వీధికి పిండి పోసిన మనిషి, అంగడికి వెళ్ళి పిండి పేకెట్టు కొనుక్కురావడం మొదలెట్టింది. ఆ పేకెట్టు కత్తిరించేటప్పుడు, చూస్తున్నవాళ్లెవరూ లేకపోయినా, గుమ్మానికి వీపు పెట్టి కత్తిరించేది. పుల్లటి దోసెలు. "ఏంటే ఈ దోసెలు" అని అబ్బులు గారి విసుగొకటి!

ఆవిడ మీద జాలిపడ్డాను కదా, ఆవిడ నన్నేం చేసిందో కూడా చెప్పాలి. ఆ ఏడు దసరాకి బొట్ల పళ్లెం పట్టుకుని అన్నింటికీ పెట్టుకుంటూ వచ్చింది. నా ముందు ఆగింది. నేను ఆశపడ్డాను. ముడుతలు పడ్డ అరచెయ్యి నాకు చూపించి, "నిన్ను నమ్మినందుకు ఇదిగో" అని వెళ్ళిపోయింది. అబ్బులు గారు కట్టిన ముడి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బిగించింది. ఎనిమిది దసరాలు అలాగే దాటేసింది. టీవీకి పెట్టింది, అబ్బులు గారి మోటారు సైకిలుకి పెట్టింది, ఆఖరికి ఆ ఏసీకి కూడా పెట్టింది!

ఇంతలో వీధిలోకి సోలార్ వచ్చింది. ఎదురింటివాళ్లు డాబా మీద నల్లపలకలు పెట్టించారు. ఇక అబ్బులు గారు ఊరుకుంటారా? "మనమూ సూర్యుడితో వియ్యమందుదాం" అన్నారు. కరెంటాఫీసు వాళ్లు వచ్చి, నన్ను చూసి పెదవి విరిచారు. పైన పలకలు పెట్టాలంటే కింద ఈ బోర్డు పోవాల్సిందే, ఇనప పెట్టెలో కొత్త మీటలు పెట్టాలి, మెయిన్ వైరు లావుది లాగాలి, ఎర్తింగు మళ్ళీ వెయ్యాలి అన్నారు. మస్తాన్ గారు ఎప్పుడో చెప్పిన మాటే. ఆ మాట వాళ్లు చెబితే అబ్బులు గారు "అలాగేనండి, అలాగేనండి" అన్నారు.

ఏసుబాబు అనే ఎలక్ట్రీషియను పొద్దున్నే వచ్చాడు. స్తంభం దగ్గర కరెంటు ఆపించి, నన్ను విప్పడం మొదలెట్టాడు. "పాతకాలం పనండీ, మంచి టేకు" అన్నాడు. ఎన్నేళ్ళకి విన్నానో ఒక మంచి మాట! వీరవేణి గారు టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడింది. అతను ఒక్కో ఫ్యూజూ లాగుతూ, ఏసీ, వంటిల్లు కలిసిన ఆ ఫ్యూజు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాడు.

"ఓరి నాయనో! ఇదెవరు పెట్టారండీ? ఇది ఫ్యూజా, మోకా? ఇలాగుంటే ఇల్లు తగలబడిపోదూ?"

"తగలబడింది బాబూ" అంది వీరవేణి గారు.

ఏసుబాబు ఆవిడ అరచెయ్యి వైపు చూసి తల దించుకున్నాడు. నా గుండె... చెక్కకి గుండేంటని నవ్వకండి, ఉంది. ఇప్పుడైనా నిజం బయటపడుతుంది, పెద్దమనిషి ఒప్పుకుంటాడు అనుకున్నాను. అబ్బులు గారు గొంతు సవరించుకున్నారు.

"ఇంకెవరు, ఆ మస్తాన్ గాడే పెట్టుంటాడు. వాడి పనులన్నీ అంతే" అన్నారు.

చచ్చిపోయిన స్నేహితుడి మీదకి! ఒకే బల్ల మీద కూచుని చదువుకున్నవాడి మీదకి! గృహప్రవేశానికి కానుక తెచ్చినవాడి మీదకి తోసేశాడండీ, నాలుక తడబడకుండా! నాకు చేతులుంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

వీరవేణి గారు టీ గ్లాసు కింద పెట్టింది. ఏసుబాబు చేతిలోంచి ఆ ఫ్యూజు తీసుకుని, వెలుతురులోకి పట్టుకుని చూసింది. అలా చూస్తూ చూస్తూ ఉండిపోయింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. అందరం చూస్తున్నాం. ఆవకాయ జాడీ మోసుకొచ్చి, బల్ల మీద పెట్టింది. మొన్న ఎండాకాలం అబ్బులు గారు వాసెన కట్టిన జాడీ. దాని పక్కన ఫ్యూజు పెట్టింది. రెండు చుట్లు, మడత, చిన్న చెవి. అటు పురికొస, ఇటు రాగి. ఏసుబాబు అదీ చూశాడు, ఇదీ చూశాడు, పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయాడు.

"మస్తానన్నయ్యకి ఈ ముడి రాదండి" అంది ఆవిడ.

అబ్బులు గారు కుర్చీలో కూలబడ్డారు. "అది కాదు వేణీ... ఆ రోజు మ్యాచ్చి... నలుగురిలో నవ్వులపాలవుతానని..."

"మ్యాచ్చా" అంది ఆవిడ. అరవలేదు, ఏడవలేదు. అడిగింది. "ఎవరు గెలిచారు?"

ఆయన గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించారు. మొహంలో కనిపించింది. "గుర్తులేదే" అన్నారు.

ఆవిడ తలూపి, గుమ్మం దగ్గరకి వెళ్ళి ఏసుబాబుని పిలిచింది. "బాబూ, వంటింట్లో నాకు గ్రైండరుకి ప్లగ్గు పెట్టు. దానికంటూ విడిగా లైను లాగి, కొత్త పెట్టెలో విడిగా మీట పెట్టు" అంది. ఏసుబాబు అబ్బులు గారి వైపు చూడబోయాడు. "ఆయన్ని అడగక్కర్లేదు" అంది.

నా స్థానంలోకి తెల్లటి ఇనప పెట్టె వచ్చింది. కాలకుండానే టక్కున కిందకి పడే మీటలు, ఎవరూ ముడి వెయ్యలేనివి. నా మెయిన్ స్విచ్చి, హేండిలు, పింగాణీలు పాతసామాన్లవాడి సంచిలోకి వెళ్ళాయి. ఒక్క ఫ్యూజు మాత్రం వెళ్ళలేదు. దాన్ని ఆవిడ టీవీ పక్కన మేకుకి తగిలించింది. అబ్బులు గారు మ్యాచ్చి చూడాలంటే దాన్ని కూడా చూడాలి. తీసెయ్యడానికి ఆయనకి ధైర్యం లేదు. నా చెక్కని ఆవిడ వంటింట్లోకి తీసుకెళ్ళి, కొత్త గ్రైండరు కింద పీటలా వేసింది. ఇప్పుడు నా ఒంటి నిండా మినప్పిండి చుక్కలు. పెరటి గుమ్మం దగ్గర మళ్ళీ గిన్నెల చప్పుడు.

దసరాకి కొత్త పెట్టెకి బొట్టు పెట్టింది, గ్రైండరుకి పెట్టింది. వంగి, నా అంచు మీద కూడా ఒకటి పెట్టింది. తప్పయిందని మాత్రం అనలేదు. మనుషులు బోర్డులకి క్షమాపణలు చెప్పరు, ఆ మాటకొస్తే బతికుండగా మస్తాన్ గారికి చెప్పారా? బొట్టు తడి చల్లగా తగిలింది. పెట్టించుకున్నాను, కానీ నా కోపం పోలేదు. పోకూడదనే నా కోరిక.

ఈ ఎండాకాలం ఆవకాయ పెట్టింది. వంటింటి నేల మీద కూచుని జాడీ మూతికి గుడ్డ వేసి, పురికొస తీసుకుంది. హాల్లో టీవీ కట్టేసిన చప్పుడైంది. అబ్బులు గారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఏటా పిలిచే పిలుపు కోసం చూస్తున్నారని నాకు అర్థమైంది. ఆవిడ తల ఎత్తలేదు. కాలిన చెయ్యి సరిగ్గా ముడుచుకోదు, కొస జారిపోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ వదులైంది. ఆయన ఒక అడుగు లోపలికి వేశారు. ఆవిడ పురికొస ఒక చివర పళ్లతో పట్టుకుని, రెండో చివర ఎడం చేత్తో లాగి, మామూలు ముడి బిగించింది. చెవి లేని ముడి. జాడీ ఎత్తుకుని ఆయన పక్కనుంచే గూటి దగ్గరకి వెళ్ళింది.